పేష్కార్ సాబు సైకిల్ తొవ్వ

మొన్న నిర్మల్ నుంచి ఒకాయన పనిమీద కరీంనగర్ల మా కచేరికి వచ్చిండు. పని అయినంక ఇద్దరం బయట హోటల్ల చాయ్ తాగినం. నేను మొదట కొలువుల చేరింది నిర్మల్లనే అని తెలిసి, ఆయన ఆ ఊరి ముచ్చట్లు ఒక్కొక్కటే చెప్పుకొచ్చిండు. చౌరస్తాల డాంబరు పోసిండ్రట. బస్సులు ఎక్కువైనయట. కప్పు కిందపెట్టి లేవబోతుంటె యాదికొచ్చినట్టున్నది, "పేష్కార్ సాబ్ పోయిండు సార్, ఎండకాలం మొదట్ల" అన్నడు.

ఏ పేష్కార్ అని నేను అడగలే. నేను వచ్చేసినంక ఆ కుర్చీల ఎవరెవరు కూసున్నరో నాకు తెల్వది గని, నిర్మల్ల పేష్కార్ సాబ్ అంటే ఆయనొక్కడే. ఆ దినం మల్ల నాకు బల్ల ముందట పని సాగలే.

పేష్కార్ అంటే తహశీల్దార్ ముందట కాయితాలు పెట్టే పెద్ద గుమాస్తా. ఊర్లకెల్లి వచ్చే అర్జీలన్ని ముందు ఆయన బల్ల మీదికే వస్తయి. పోలీస్ యాక్షన్ అయిన కొన్నేండ్లకు నేను సుల్తానాబాద్ నుంచి మూట కట్టుకొని పోయి ఆ కచేరిల చిన్న గుమాస్తాగ చేరిన. అప్పటికే ఆయనకు యాభై దాటినయి. సన్నగ, పొడుగ్గ ఉండేటోడు. ఎంత ఎండ కొట్టినా నల్ల షేర్వానీకి మెడదాక గుండీలు పెట్టుకొనే వచ్చేటోడు. నా పేరు ఆయన నోట నేను ఎన్నడు వినలే. మొదటి దినం "ఏ ఊరు మనది?" అని అడిగిండు. చెప్పిన. అప్పటిసంది నేను సుల్తానాబాద్ అయిన. "సుల్తానాబాద్, గా కాయితం ఇటు తే." "సుల్తానాబాద్, మొఖం గట్లున్నదేంది, బువ్వ తిన్లేదా?" నా పెండ్లికి వచ్చి, మా మామతోని మాట్లాడుకుంట కూడ "మా సుల్తానాబాద్ మంచోడు" అన్నడు. మా మామది కూడ సుల్తానాబాదే. ఆయన ఊరినే పొగుడుతున్నడనుకొని సంబరపడ్డడు.

ఆయనకు ఇష్టమైన మాట ఇత్మినాన్. నిమ్మళంగ, మనసు కుదురుగ అని. అర్జీ పట్టుకొచ్చిన రైతు వణుకుతుంటె "ఇత్మినాన్‌గ చెప్పు, నేను ఎక్కడికి పోత లే" అనేటోడు. లోపలికెల్లి తహశీల్దార్ కేకేస్తె, "ఇత్మినాన్, ఇత్మినాన్" అని తనకు తానే చెప్పుకొని లేచేటోడు. కలం సిరాల ముంచే ముందు పాళిని ఒకసారి ఊదేటోడు, వేడి చాయ్ ఊదినట్టు. ఎందుకు సాబ్ అని ఒకనాడు అడిగిన. "మా ఉస్తాద్ ఊదేటోడు. ఎందుకో నేను అడగలే" అన్నడు.

గని ఆయనను తలచుకుంటె నాకు ముందు కనపడేది ఆయన సలాం. ఎవరు సలాం చేసినా కుడిచెయ్యి నొసటిదాక పోయేది, మెడ కొంచెం వంగేది, కండ్లు మాత్రం ఎదుటి మనిషి కండ్లల్లనే ఉండేటియి. పట్వారీ చేసినా అదే సలాం, ఊర్ల చాకిరి చేసే సుంకరి చేసినా అదే సలాం. ఒకసారి వాకిట్ల ఒక ముసలి రైతు దండం పెట్టిండు. అప్పుడు సాబ్ ఒక చేతుల సిరా బుడ్డి, ఇంకో చేతుల కాయితాల కట్ట పట్టుకొని పోతుండు. ఆగి, బుడ్డి నేలమీద పెట్టిండు. కట్ట నేలమీద పెట్టిండు. అప్పుడు నిలబడి సలాం చేసి, మల్ల రెండు ఎత్తుకొని పోయిండు. తలకాయ ఊపితె సరిపోయేది గద సాబ్ అని నేను అంటె, "చేతులల్ల ఉన్నవి దించి పెట్టొచ్చు. సలాం దించి పెడ్తమా?" అన్నడు.

ఆయనకు మొదట సొంత టాంగా ఉండె. గుర్రం ముసలిదై పోయింది. టాంగా తోలేటాయన నాందేడ్ల ఉన్న చుట్టాల కాడికి పోయిండు. కచేరి పక్కన కిరాయికున్న ఇల్లు, దాని ఆసామి అమ్ముకుంటె ఖాళీ చెయ్యవలసి వచ్చింది. దొరికిన ఇల్లేమో ఊరికి ఆ కొసన, పాత గడి కింద గుట్ట మీద. నిర్మల్ చూసినోళ్లకు తెలుసు, ఆ ఊరు సాపుగ ఉండది. చుట్టూ గుట్టలు, వాటి మీద కూలిన బురుజులు, నడుమ గిన్నె అడుగున ఉన్నట్టు బజారు. ఆయన ఇల్లు ఒక గడ్డ మీద, కచేరి ఇంకో గడ్డ మీద. రోజు ఆ గిన్నెల దిగి, బజారు దాటి, మల్ల ఎక్కాలె. దానికి తోడు మడమ నొప్పి పట్టుకున్నది. నడక తగ్గించుకొమ్మని దవాఖాన్ల చెప్పిండ్రు. కిరాయి టాంగాలు ఉన్నయి గని, అవన్ని బస్టాండు కాడ ఊర్లకు పోయేటోళ్ల కోసం నిలవడేటియి. పొద్దుగాల గుట్ట మీదికి ఏదీ వచ్చేది కాదు.

ఒకనాడు పొద్దుమూకినంక అందరు పోయిండ్రు. నేను గోడకు ఆనిచ్చిన నా సైకిల్ తీస్తున్న. ఆయన వెనక వచ్చి నిలవడ్డడు.

"సుల్తానాబాద్, దీని మీద యాభై దాటిన మనిషి ఎక్కొచ్చా?"

"ఎందుకు ఎక్కొద్దు సాబ్?"

"పడ్తనా?"

"పడ్తరు. మొదట అందరు పడ్తరు."

ఆయన సైకిల్ ముందు చక్రం కాడికెల్లి వెనక చక్రం దాక చూసిండు. "ఎవరూ చూడని జాగల పడాలె" అన్నడు.

ఊరి బయట తుమ్మచెట్ల నడుమ ఒక ఖాళీ జాగ ఉండె. తెల్లారగట్ల ఫజర్ నమాజ్ అయినంక అక్కడికి వచ్చేటోడు. షేర్వానీ అంచులు చైన్ల పడకుంట ఆయన భార్య, బేగం సాహెబా, ఒక రిబ్బన్ ఇచ్చి పంపేది. దాన్ని నడుముకు కట్టుకొని, అంచులు పైకి దోపుకొని, పెద్ద పరీక్షకు వచ్చినట్టు నిలవడేటోడు. నేను సీటు పట్టుకొని ఉరకాలె అనుకుంటె, ఆయన ఒప్పుకోలే.

"ముందు దిగుడు నేర్పు."

"ఎక్కకుంట దిగుడు ఎట్ల సాబ్?"

"నిలవెట్టిన సైకిల్ మీద ఎక్కుత. నువ్వు పట్టుకో. నేను దిగుత. దిగొస్తదని తెలిస్తె, ఎక్కెటందుకు భయం ఉండది."

రెండు దినాలు ఉట్టిగ దిగుడే నేర్చుకున్నడు. తర్వాత తొక్కుడు మొదలువెట్టిండు. పడ్డడు. పడ్డప్పుడల్లా ముందు టోపీ సరిచేసుకునేటోడు, తర్వాత మోకాలు చూసుకునేటోడు. నెల తిరిగేసరికి సాపు నేల మీద మంచిగనే తొక్కవట్టిండు. మలుపులు కూడ వచ్చినయి. ఒక్కటి మాత్రం రాలే. హ్యాండిల్ మీదికెల్లి చెయ్యి తియ్యరాలే. ఎద్దు కొమ్ములు పట్టుకున్నట్టు రెండు చేతులతోని గట్టిగ పట్టుకునేటోడు. ఒక్క చెయ్యి తీస్తె సైకిల్ పాములెక్క మెలికలు తిరిగేది. అది అంత పెద్ద సంగతని అప్పుడు నాకు తోచలే.

మరమ్మతు దుకాణంల ఒక పాత సైకిల్ చూసి కొనుక్కున్నడు. ఇగ కచేరికి వచ్చే తొవ్వ చూడాలె. శుక్రవారం సెలవు పోయి ఐతారం సెలవు వచ్చిన కొత్తలు అవి. ఒక ఐతారం పొద్దుగాల నేను గుట్ట మీద వాళ్ల ఇంటికి పోయిన. తొవ్వ మొత్తం ముందు నడిచి చూద్దాం అని ఆయనే అన్నడు. తలుపుకు పరదా ఉండె. పరదా వెనకకెల్లి బేగం సాహెబా గొంతు వచ్చింది.

"బేటా, ఆయనకు దిగుడు కాడ జర భద్రం అని చెప్పు. కాలు విరిగితె పండుకునేది ఆయన, చాకిరి చేసేది నేను."

"వింటున్న" అన్నడు సాబ్, చెప్పులు తొడుక్కుంట.

"మీకు చెప్తలే. పిల్లగానికి చెప్తున్న."

ఇద్దరం బయలెల్లినం. ఇంటి ముందటనే రాళ్లు తేలిన దిగుడు. ఇక్కడ ఎక్కొద్దు, బిరేకు ఆగది, నడిపించుకుంట దిగాలె అని చెప్పిన. సరే అన్నడు. కింద ఇత్తడి గిన్నెల దుకాణాలు, అవి దాటితె పెద్ద బజారు. బండ్లు ఏ దిక్కుకెల్లి వస్తయో, అంగడి దినం ఎడ్లను ఎక్కడ ఇడుస్తరో, చౌరస్తాల బస్సు తిరిగేటప్పుడు ఎక్కడ ఆగాలెనో, నాకు తెలిసిందంత చెప్పుకుంట పోతున్న. ఆయన తల ఊపుతుండు గని చూపు తొవ్వ మీద లేదు, దుకాణాల మీద ఉన్నది.

"సుల్తానాబాద్, గీ గిన్నెలాయన నాకు రోజు సలాం చేస్తడు."

"చెయ్యనియ్యండి సాబ్."

"నేను ఏం చెయ్యాలె? చేతులు ఖాళీ ఉండయి గద."

అప్పుడు సమజైంది నాకు. "తల ఊపండి సాబ్. అందరు గట్లనే చేస్తరు."

"తల ఊపుడు గుర్రం పని."

"పోనీ గంట కొట్టండి."

ఆయన నడిచేటోడు ఆగిండు. "గంట కొడ్తె తప్పుకొమ్మన్నట్టు. సలాం చేసినోన్ని తప్పుకొమ్మంటనా?"

నవ్వుత అనుకున్న గని ఆయన మొఖం చూసి నవ్వలే. ఆ పొద్దు ఇద్దరం బజారంత తిరిగినం. నేను బండ్లు లేని తొవ్వ ఎతుకుతున్న, ఆయన సలాములు లేని తొవ్వ ఎతుకుతుండు. చివరికి నకాషోళ్ల గల్లీ దొరికింది. బొమ్మలు చేసేటోళ్లు ఇండ్ల ముందట కూసోని పొనికి కట్టె చెక్కుతున్నరు. కొందరు రంగులు వేస్తున్నరు. చేతులు, ముంజేతులు అన్ని రంగులే. మేము పక్కపొంటి పోయినా ఒక్కరు తలెత్తలే.

"మంచి గల్లీ" అన్నడు సాబ్. "గీళ్లకు నన్ను చూసే తీరిక లేదు."

ఆ గల్లీ చుట్టు తిరుగుడే. నడుమ ఒక కాడ ఎత్తు ఉన్నది, దిగి నెట్టాలె. అయినా బజారు చానావరకు తప్పుతది. మొత్తం మాత్రం తప్పది. గల్లీ పోయి పోయి చౌరస్తా ముందట బజార్లనే కలుస్తది. ఆ కాస్త దూరంల బట్టల సేటు దుకాణం, దాని పక్కన దర్జీ, ఎదురుంగ చాయ్ హోటల్, మూలమీద కూరగాయలు అమ్మే అవ్వ. నలుగురు ఆయనకు తప్పకుంట సలాం చేసేటోళ్లే.

"నలుగురే గద, దిగుత" అన్నడు.

మొదటి వారం అట్లనే చేసిండు. గల్లీల తొక్కుకుంట వచ్చి, సేటు చెయ్యెత్తంగనే దిగి, సలాం చేసి, మల్ల ఎక్కి, దర్జీ కాడ దిగి, మల్ల ఎక్కి. ఎక్కెటప్పుడు ఆయనకు చాన జాగ కావాలె, వెనకకెల్లి బండ్లోళ్లు అరిచేటోళ్లు. కచేరికి నడిచి వచ్చినదానికన్న ఆలస్యంగ వచ్చేటోడు. చెమటకు షేర్వానీ వీపుకు అంటుకునేది. "ఇత్మినాన్" అనుకుంట కుర్చీల కూలవడేటోడు.

తర్వాత వారం అంగడి దినం. నేను నా సైకిల్ మీద ఆయన వెనకనే వస్తున్న. బజారు కిక్కిరిసి ఉన్నది. దిగెటందుకు జాగ లేదు. దర్జీ మిషన్ ఆపి లేచి సలాం చేసిండు. సాబ్ ఒక్క గడియ ఆలోచించినట్టున్నడు. తర్వాత కుడిచెయ్యి తీసిండు.

సైకిల్ మెలిక తిరిగి పోయి కూరగాయల అవ్వ గంపల్ల పడ్డది. వంకాయలు నలుదిక్కుల దొర్లినయి. నేను సైకిల్ పారేసి ఉరికిన. ఆయన వంకాయల నడుమ కాళ్లు చాపుకొని కూసున్నడు. టోపీ పక్కకు పడ్డది. అరచెయ్యి గీరుకపోయి నెత్తురు కారుతుంది. ఆ చెయ్యే ఎత్తి, నొసటికి ఆనిచ్చి, దర్జీ దిక్కు చూసి సలాం పూర్తి చేసిండు. ఆ తర్వాతనే టోపీ అందుకున్నడు.

ఎవరు నవ్వలే. అవ్వ వచ్చి రెక్క పట్టుకొని లేపింది. "దెబ్బ తాకిందా సాబూ? నా వంకాయలు పోతె పోనీ, నీ చెయ్యి చూడు ఎట్లయిందో" అన్నది. ఊర్ల ఆయనను నువ్వు అనేది ఆమె ఒక్కతే. ఆయన వంగి, ఒక్కొక్క వంకాయ ఏరి, దుమ్ము తుడిచి గంపల వేసిండు. నేను సాయం పట్టబోతె వద్దన్నడు.

చెయ్యికి కట్టు కట్టుకొని రెండు దినాలు ఇంట్లనే ఉన్నడు. మల్ల సైకిల్ మీదనే వచ్చిండు. ఆ వారం తొవ్వ చక్కగ సాగింది. ఎక్కడ దిగే పని పడలే. కచేరికి వేళకు వస్తుండు. నాకు సంతోషమైంది. తొవ్వ కుదిరింది, మనిషికి ధైర్యం వచ్చింది అనుకున్న.

గని ఆయన మారిండు. ఎప్పుడు వెంట తెచ్చుకునే తమలపాకుల డబ్బా, ఆ పాందాన్ మూత తెరవకుంటనే మాపటిదాక కూసునేటోడు. పాళి ఊదుడు కూడ మర్చిపోయిండు. అర్జీలోళ్లు వస్తె సలాంకు సలాం ఉన్నది గని, అంతకుముందు లెక్క మంచి చెడ్డ అడుగుతలేడు. మడమ నొప్పా అని అడిగితె, లేదన్నడు. వర్షాలు పడే ముందు ఒకనాడు నన్ను పిలిచి, "ఔరంగాబాద్‌కు బదిలీ అడుగుత. మా తమ్ముడు ఆడనే ఉంటడు. అర్జీ మంచిగ రాసి పెట్టు, నా చెయ్యి ఇంక కుదురుతలేదు" అన్నడు.

ఔరంగాబాద్ అప్పట్ల మన రాష్ట్రంలనే ఉండె. నేను తెల్లబోయిన. "ఎందుకు సాబ్? పింఛన్‌కు దగ్గరవడ్డరు. గిప్పుడు ఊరు మారుడేంది?"

చేతులున్న కలం కింద పెట్టిండు. తర్వాత నిమ్మళంగ చెప్పిండు.

"సుల్తానాబాద్, ముందటి కాలంల నాకు బజారంత సలాం చేసేది. టాంగా కనవడితెనే లేచి నిలవడేటోళ్లు. అండ్ల కొలువుకు ఎంత, నాకు ఎంత అని నేను ఎన్నడు ఎరగను. తర్వాత కాలం మారింది. మావోళ్లు చానమంది ఎటెటో పోయిండ్రు. నేను పోలే. టాంగా పోయింది, నడుచుకుంట బజారుకు వచ్చిన. అప్పుడు కూడ నలుగురు సలాం చేసిండ్రు. భయం లేదు, నాతోని పని లేదు, అయినా చేసిండ్రు. గవి నావి అనుకున్న. గా నలుగురి కోసమే గీ ఊర్ల ఉన్న అనుకో." గీరుకపోయిన అరచెయ్యి తిప్పి చూసుకున్నడు. "ఇప్పుడు గా నలుగురు కూడ చేస్తలేరు. సైకిల్ మీద నన్ను చూసి మొఖం తిప్పుకుంటున్నరు. సేటు అయితె వీపు తిప్పి నిలవడ్తడు. వంకాయల మీద పడ్డ మనిషికి సలాం ఏంది అనుకున్నరో ఏమో. వాళ్ల తప్పు లేదు."

అర్జీ రాసిన. ఆయన దస్తఖత్ చేసి, తహశీల్దార్ సంతకానికి పెట్టే కాయితాలల్ల అన్నిటికన్న కింద పెట్టిండు.

ఆ మాపు ఇంట్ల పనికి ఒక అంగీ కుట్టియ్యాలెనని దర్జీ కాడికి పోయిన. నిజం చెప్పాలంటె అంగీ కోసమే పోయిన, అడుగుదామని కాదు. కొలత తీస్తుంటె దర్జీనే అడిగిండు.

"సాబ్ చెయ్యి మానిందా సార్?"

"మానింది. మీరందరు ఆయనకు సలాం ఎందుకు బంద్ చేసిండ్రు?"

దర్జీ కొలత టేపు మెడకు వేసుకొని బయటికి చూసిండు, ఎవరన్న వింటున్నరేమో అన్నట్టు. "మీకు తెల్వదా? గా పడ్డ దినం అవ్వనే దుకాణం దుకాణం తిరిగింది. సాబ్ సైకిల్ మీద ఉంటె ఎవరు చెయ్యెత్తొద్దు, ఎత్తితె ఆయన ఊకోడు, మల్ల పడ్తడు, ఈసారి పడితె లేవడు అని అందరికి చెప్పింది. ఎదురుంగ చూస్తె చెయ్యి ఆగది సార్, అలవాటు గద. గందుకే నేను మిషన్ మీదికి వంగుత. సేటు అయితె సాబ్ వచ్చే యాళ్లకు బట్ట థాన్లు మడత పెట్టుకుంట అటు తిరుగుతడు. హోటలాయన పొయ్యి కాడికి పోతడు." టేపు మల్ల తీసి నా భుజం మీద పెట్టిండు. "మాకు మంచిగ అనిపిస్తలేదు. గని ఏం జేస్తం, ఆయన పానం ముఖ్యం."

కొలత సగంల ఇడిసిపెట్టి నేను గుట్ట ఎక్కిన. సాబ్ ఇంటి ముందట గడంచె మంచం మీద కూసోని ఉన్నడు. నిలవడే చెప్పిన, ఊపిరి ఆడక ఒక్కొక్క మాట ఆపుకుంట. అవ్వ తిరిగింది, సేటు థాన్లు, హోటలాయన పొయ్యి, అన్ని చెప్పిన.

పరదా వెనక గాజుల చప్పుడు ఆగింది.

"అవ్వ చెప్పిందా?" అని అడిగిండు సాబ్.

"అవును సాబ్."

"సేటు థాన్లు మడత పెడ్తుండా?"

"మీరు వచ్చే యాళ్లకు."

ఆయన పాందాన్ దగ్గరికి తీసుకున్నడు. ఆకు తుడిచి, సున్నం రాసి, వక్క వేసి మడిచిండు. తాను తినలే, నాకు ఇచ్చిండు. ఆయన చేతి పాన్ కచేరిల ఎవరికి దొరికింది లేదు. తీసుకొని బుగ్గల పెట్టుకున్న. సున్నం ఎక్కువైంది, నోరు మండింది, అయినా నమిలిన.

పరదా వెనకకెల్లి బేగం సాహెబా అన్నది, "బేటా, ఔరంగాబాద్ కాయితం ఎక్కడున్నది?"

"తహశీల్దార్ సాబ్ ఇంక చూడలే."

"చూడకముందే తెచ్చెయ్. పుట్టుకలు, చావులు అన్ని మాకు గీ ఊర్లనే అయినయి. ఆడికి పోయి నేను ఎవరితోని మాట్లాడాలె?"

సాబ్ తల వంచుకొని నవ్విండు. ఆ నెలంతల నేను చూసిన మొదటి నవ్వు అది.

తెల్లారి నేను ముందుగాల్నే పోయి చాయ్ హోటల్ల కూసున్న. ఆయన ఏం చేస్తడో చూడాలెనని. గల్లీల కెల్లి బయటికి వచ్చిండు. సైకిల్ మీద లేడు. సైకిల్ ఎడమ దిక్కు ఉన్నది, ఎడమ చేత్తోని హ్యాండిల్ పట్టుకొని నడిపిస్తుండు. కుంటుతుండు కొంచెం. కుడిచెయ్యి ఖాళీగ ఉన్నది.

బట్టల సేటు అలవాటు ప్రకారం అటు తిరిగి థాన్ మడత పెడ్తుండు. సాబ్ దుకాణం ముందట ఆగిండు. పిలవలే. ఊకె నిలవడ్డడు. సేటు ఒక థాన్ అయిపోయి ఇంకొకటి అందుకోబోయి, చప్పుడు లేదేంది అనుకున్నడేమో, తిరిగి చూసిండు. సాబ్ చెయ్యి అప్పటికే నొసటి మీద ఉన్నది. బజార్ల ఆయన ఎన్నడైనా సలాంకు బదులు ఇచ్చేటోడు గని, ముందుగ చేసుడు నేను చూసుడు అదే మొదలు. సేటు చేతులకెల్లి బట్ట జారింది. గద్దె దిగి వచ్చి రెండు చేతులు జోడించిండు.

దర్జీ మిషన్ కాడికెల్లి లేచిండు. హోటలాయన పొయ్యి ఇడిసిపెట్టి నా పక్కకెల్లి గడపలకు వచ్చిండు. ఒక్కొక్కరి ముందట ఆగి, ముందు తానే చెయ్యెత్తి, సాబ్ మూలదాక వచ్చిండు. అవ్వ గంపల మీద నీళ్లు చల్లుకుంట, ఈయనను చూసి నడుముల మీద చేతులు పెట్టుకున్నది.

"సైకిల్ ఉంచుకొని నడుస్తవేంది సాబూ? మడమ నొయ్యదా?"

"నొస్తది అవ్వా."

"మరి ఎక్కి పో."

"గీడ ఎక్కను. గీ మూల దాటినంక ఎక్కుత."

"గట్లయితె కచేరికి ఆలస్యమైతది. పెద్దాయన కోపం చేస్తడు."

"ఇంటికెల్లి జర ముందుగాల ఎల్లుత" అన్నడు సాబ్. తర్వాత చెయ్యెత్తి ఆమెకు సలాం చేసిండు, తహశీల్దార్‌కు చేసినట్టే. ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకొని, ఏం చెయ్యాలెనో తెల్వక, ఆయన సైకిల్ బుట్టల నాలుగు వంకాయలు వేసింది.

కచేరికి పోయినంక నేను కాయితాలల్ల అన్నిటికన్న కిందున్న అర్జీ తీసి ఆయన చేతుల పెట్టిన. చించలే, మడిచి జేబుల పెట్టుకున్నడు. బేగం సాహెబాకు చూపియ్యాలె అన్నడు. పింఛన్ అయినంక కూడ వాళ్లు ఆ గుట్ట మీదనే ఉన్నరని నాకు తర్వాత తెలిసింది.

నేను నిర్మల్ల ఉన్నన్ని ఏండ్లు ఆయన అట్లనే వచ్చిండు. ఇంటి ముందటి దిగుడు నడిపించుకుంట, నకాషోళ్ల గల్లీల తొక్కుకుంట, నడుమ ఎత్తు కాడ నెట్టుకుంట, బజార్ల నడుచుకుంట, చౌరస్తా దాటినంక సాపు ఉన్నంతదూరం మల్ల తొక్కి, కచేరి గడ్డ కాడ దిగి నెట్టుకుంట. కచేరికి అందరికన్న ముందు వచ్చి, చెమట తుడుచుకొని కూసునేటోడు. నేను ఆ తర్వాత చానమందికి సైకిల్ నేర్పిన, నా భార్యకు, నా పిల్లలకు కూడ. సైకిల్ వచ్చి, సొంత సైకిల్ ఉండి, అంత తక్కువ తొక్కిన మనిషిని మల్ల చూడలే.